నర్సీపట్నం – లంబసింగి – చింతపల్లి రోడ్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నర్సీపట్నం. డిసెంబరు వస్తే చాలు, ఊళ్లో ఉన్న మాకు ఫోన్లు మొదలవుతాయి. లంబసింగి ఎంత దూరం, రూములు దొరుకుతాయా, రాత్రి ఘాటీ ఎక్కొచ్చా అని. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను. ఎవరూ అడగని సంగతులు కూడా కొన్ని ఇందులో ఉంటాయి. ఈ రోడ్డు మీద ప్రయాణం చేసేవాళ్లకు అవి తెలియాలని నా కోరిక.

ఈ రోడ్డు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడిదాకా వెళ్తుంది?

అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో మొదలవుతుంది. కాసేపు చెరకు తోటలు, మామిడి తోటల మధ్య చదునుగా సాగుతుంది. డౌనూరు వైపు వచ్చేసరికి కొండలు దగ్గరపడతాయి. అక్కడి నుంచి ఘాటీ ఎక్కి లంబసింగి చేరుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 35 కిలోమీటర్లు, అక్కడి నుంచి చింతపల్లికి ఇంకో 19. అల్లూరి సీతారామరాజు జిల్లా అంటే ఈ కొండ ప్రాంతమే. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆ జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఈ రోడ్డు పొడవునా విశాఖపట్నం జిల్లాయే.

చింతపల్లితో రోడ్డు ఆగిపోదు. గూడెం కొత్తవీధి, దారకొండ మీదుగా సీలేరుకూ, ఇంకా ముందుకు పోతే చింతూరు, భద్రాచలం వైపుకూ వెళ్తుంది. కానీ మా వైపు ‘చింతపల్లి రోడ్డు’ అంటే ఘాటీ ఎక్కే ఈ మొదటి ముక్కే గుర్తొస్తుంది. కింద చెప్పబోయే పాత కథ ఎక్కువగా నడిచింది కూడా దీని మీదే.

‘నర్సీపట్నం రోడ్’ రైల్వే స్టేషన్లో దిగితే సరిపోతుందా?

పేరు చూసి దిగేస్తే ఇబ్బంది పడతారు. ఆ స్టేషను ఊరికి పాతిక కిలోమీటర్లకు పైనే ఉంది, పెద్ద రైళ్లు చాలామటుకు అక్కడ ఆగవు. తునిలోనో అనకాపల్లిలోనో దిగి బస్సు ఎక్కడం మేలు. విశాఖ నుంచి సొంత బండిలో వచ్చేవాళ్లు హైవే మీద తాళ్లపాలెం దగ్గర మళ్లి, మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం చేరతారు. విశాఖ నుంచి దాదాపు 90 కిలోమీటర్లు.

ఘాటీ ఎలా ఉంటుంది? కొత్తగా కారు నేర్చుకున్నవాళ్లు వెళ్లొచ్చా?

పగలైతే వెళ్లొచ్చు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. మైదానం నుంచి ఆ ఎత్తంతా కొద్ది దూరంలోనే ఎక్కాలి కాబట్టి మలుపులు ఎక్కువ. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే జాగ్రత్త కావాలి. న్యూట్రల్లో పెట్టి బ్రేకు మీద కాలు వేసుకుని దిగేవాళ్లను చూస్తుంటాను. సగం దారిలో బ్రేకులు కాలిన వాసన వస్తుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమని మా వైపు డ్రైవర్లు చెబుతారు. ఎక్కే బండికి దారి ఇవ్వడం అక్కడి మర్యాద.

చలికాలం తెల్లవారుజామున పొగమంచు ఎంత కమ్ముకుంటుందంటే, ముందు బండి ఎర్ర లైటు కూడా బాగా దగ్గరికి వెళ్తేగాని కనబడదు. మేఘాలు చూడాలనే తొందరలో జనం రాత్రి 2 గంటలకు నర్సీపట్నంలో బయలుదేరి, నిద్రమత్తులో ఘాటీ ఎక్కుతున్నారు. ముందురోజు సాయంత్రమే పైకి చేరుకోండి. ఈ ఒక్క మాట వింటే చాలు.

నా చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు కోసం గొడవపడేవాళ్లం, వాంతులొస్తాయని. మా అమ్మ కొంగుకు చింతపండు ఉండ కట్టుకుని వచ్చేది. మొదటి మలుపు రాగానే తలా చిటికెడు నోట్లో పెట్టేది. ఇప్పటికీ చింతపండు వాసన తగిలితే నాకు ఆ ఘాటీయే కళ్ల ముందుకొస్తుంది.

ఈ రోడ్డు ఎవరు వేశారు?

ఇంగ్లీషువాళ్లు వేశారని బోర్డుల మీద రాస్తారు. వేయించింది వాళ్లు. వేసింది మాత్రం గూడెం కొండల గిరిజనులు.

అప్పట్లో ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో గూడెం ప్రాంతం. అంతకుముందు పైకీ కిందికీ కాలిబాటలే ఉండేవి. ఉప్పు, బట్టలు కింది నుంచి పైకి, చింతపండు, పసుపు పై నుంచి కిందికి మనుషుల తలల మీదా ఎద్దుల వీపుల మీదా నడిచేవి. దానికి కాలిబాట సరిపోయేది. సరిపోనిది సర్కారుకే. అడవి కలప కిందికి దిగాలన్నా, పోలీసులు తొందరగా పైకి ఎక్కాలన్నా, అధికారి బండి చింతపల్లి దాకా పోవాలన్నా రోడ్డు కావాలి.

1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ ఈ పనిని తన చేతిలోకి తీసుకున్నాడు. పల్లెల నుంచి మనుషుల్ని బలవంతంగా తెప్పించి రాళ్లు కొట్టించాడు, కొండ తవ్వించాడు. కూలి సరిగా ఇవ్వలేదు. ఆరణాలు రావాల్సిన చోట రెండణాలు చేతిలో పెట్టేవారని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అడిగితే దెబ్బలు. పంట పనుల రోజుల్లో మనిషిని రోడ్డు పనికి లాక్కుపోతే ఆ ఇంటి పోడు, అంటే అడవి కొట్టి చేసుకునే కొండ సాగు, ఏమవుతుంది? ఆ ఏడాది తిండి పోయినట్టే.

ఇదే బాధ ఇంకో రకంగా కూడా తాకింది. పనిచేసిన వాళ్ల పల్లెలకు ఈ రోడ్డు వెళ్లలేదు. వాళ్ల పల్లెల పక్కనుంచి పోలీసు స్టేషను దాకా వెళ్లింది.

అయితే అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు కారణం ఈ రోడ్డేనా?

రోడ్డు ఒక్కటే కాదు. కానీ ఈ రోడ్డు లేకుండా ఆ కథ చెప్పలేం.

కోపం అంతకు చాలా ముందునుంచే పేరుకుంటోంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది, పశువుల మేత మీద ఆంక్షలు వచ్చాయి. అంతకుముందే, 1879లో, పక్కనున్న రంప ప్రాంతంలో కల్లు మీద పన్ను మోయలేక జనం లేచారు. మన్యంలో ఇలాంటి తిరుగుబాటును ‘పితూరీ’ అంటారు. 19వ శతాబ్దంలో గూడెం, రంప కొండల్లో పితూరీలు ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉన్నాయి. ముఠాదార్లు, అంటే కొన్ని ఊళ్లకు కలిపి పెద్దలుగా ఉండి శిస్తు వసూలు చేసే కొండ నాయకులు, తమ హక్కులు ఒక్కొక్కటే పోతుంటే చూస్తూ ఉన్నారు.

అలాంటి సమయంలో బాస్టియన్ రోడ్డు పని వచ్చిపడింది. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర బాస్టియన్‌తో తగువుపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయనా, తమ్ముడు మల్లుదొరా అల్లూరితో చేరారు. అల్లూరి మైదానం నుంచి వచ్చినవాడు, కృష్ణదేవిపేట దగ్గర ఉంటూ కొండ జనానికి దగ్గరైనవాడు. బయటి మనిషి ఒకడు చెబితే మన్యం లేచిందని కొందరు తేలిగ్గా రాస్తారు. గాం సోదరుల్ని, పేరు కూడా మిగలని రోడ్డు కూలీల్ని పక్కన పెట్టి చెప్పే కథ అది. నాకు నచ్చదు.

తిరుగుబాటు జరిగిన చోట్లు ఈ రోడ్డు మీద చూడొచ్చా?

చూడొచ్చు, కాకపోతే రెండు దార్లు పట్టుకోవాలి.

1922 ఆగస్టు 22న అల్లూరి దళం మొదట చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. రోడ్డు ఎక్కడికి చేరాలని వేశారో సరిగ్గా అక్కడికే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు వాళ్ల చేతికొచ్చాయి. తీసుకున్న సరుకెంతో స్టేషను పుస్తకంలో లెక్క రాసి సంతకం పెట్టి వెళ్లారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో దళం మాటువేసింది. ఈ దామనపల్లి చింతపల్లికి పైన, గూడెం కొత్తవీధి వైపు ఉంటుంది. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిల్ని వదిలేసి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని కాల్చారు. ఆ ఇద్దరి సమాధులు మా నర్సీపట్నంలోనే ఉన్నాయి.

ఆ తర్వాత మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ కొండలెక్కారు. అప్పుడు ఈ రోడ్డు, అది ఎందుకు వేశారో ఆ పనికే వాడారు. కూలీలు మోసిన రాళ్ల మీదుగానే వాళ్ల మీదికి సైన్యం వచ్చింది.

1924 మే 7న అల్లూరిని పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు. గంటందొర ఆ మరుసటి నెలలో చనిపోయాడు. అల్లూరి సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మేం కె.డి.పేట అంటాం. అది చింతపల్లి రోడ్డు మీద ఉండదు. నర్సీపట్నం నుంచి గొలుగొండ వైపు విడిపోయే కింది రోడ్డులో వెళ్లాలి. ఒకే రోజు రెండూ చూడాలంటే పొద్దున్నే కె.డి.పేట, కొయ్యూరు చూసుకుని, అటునుంచి ఘాటీ ఎక్కండి.

గాం మల్లుదొర ఏమయ్యారు?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడగాలి. 1923లో దొరికిపోయారు, అండమాన్ జైలుకు పంపారు. బతికి తిరిగొచ్చారు. 1951-52లో స్వతంత్ర భారతంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగితే, విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభకు వెళ్లారు. తుపాకి పట్టిన మనిషి అదే ప్రాంతం తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు. చింతపల్లి రోడ్డుకు పేరు పెట్టమంటే నేను మల్లుదొర పేరే పెడతాను.

ఈ ప్రాంతాన్ని ‘ఏజెన్సీ’ అని ఎందుకంటారు?

1839లో వచ్చిన చట్టంతో. మామూలు కోర్టులు, చట్టాలు ఇక్కడ నడవవని తేల్చి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టి పాలించారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. ఆ ఏజెంటు పోయి చాలా కాలమైంది, మాట మాత్రం మిగిలింది. ఇక్కడివాళ్ల సొంత మాట మన్యం.

లంబసింగిలో నిజంగా మంచు కురుస్తుందా?

కురవదు. మనకు పొగమంచు, గడ్డిమీది మంచు, హిమాలయాల్లో కురిసే మంచు అన్నిటికీ ‘మంచు’ ఒకటే మాట కావడంతో ఈ గందరగోళం. డిసెంబరు, జనవరిల్లో కొన్ని రాత్రులు చలి 5 డిగ్రీల లోపుకు దిగుతుంది. అలాంటి తెల్లవారుజామున గడ్డిమీద, బండి అద్దాల మీద మంచుబిందువులు పలచగా గడ్డకట్టి తెల్లగా కనిపిస్తాయి. ఎండ తగలగానే పోతాయి. ‘ఆంధ్రా కశ్మీర్’ అనే పేరు పెట్టుకొచ్చి, కశ్మీరును వెతికితే నిరాశపడతారు.

స్థానికులు ఈ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి మనిషి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని. నాకు ఈ పేరే ఇష్టం. మేఘాలు కాళ్ల కింద పరుచుకున్నట్టు కనిపించే చోటు మాత్రం ఊళ్లో కాదు, పక్కన చెరువులవేనం కొండమీద. తాజంగి జలాశయం కూడా దగ్గరే.

రోడ్డు మీద గింజలు ఆరబోసి ఉంటాయి. వాటి మీదుగా పోనివ్వొచ్చా?

వద్దు. అవి వాళ్ల ఏడాది సంపాదన. నవంబరు నుంచి కాఫీ పళ్లు కోస్తారు, పండినవి ఎర్రగా ఉంటాయి, ఎండేకొద్దీ నల్లబడతాయి. రాజ్మా, ఉడకబెట్టిన పసుపు కొమ్ములు, మిరియాలు కూడా ఇలాగే ఆరబోస్తారు. ఆరబెట్టుకునే గచ్చు ఇంటి దగ్గర లేనివాళ్లకు తారు రోడ్డే గచ్చు. చుట్టూ వరసగా రాళ్లు పెడతారు. ఆ రాళ్లు చూడగానే పక్కకు తీయండి.

కాఫీ ఈ కొండల్లో అటవీ శాఖ ద్వారా 1960ల నుంచి పెరిగింది. ఎత్తుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. చింతపల్లి దాటాక ఆర్.వి.నగర్ వైపు రెండు పక్కలా ఇవే. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, మేం జీసీసీ అంటాం, సంతల్లో కొనుగోలు చేస్తుంది. ప్రైవేటు వ్యాపారులూ కొంటారు. రాజ్మా కొనాలనుకుంటే చింతపల్లిలో వారపు సంత రోజు చూసుకుని వెళ్లి, పండించినవాళ్ల దగ్గరే కొనండి. బేరం ఆడకండి అనను గాని, కాలినడకన తెచ్చిన బస్తా అని గుర్తుపెట్టుకోండి.

వలిసె అనే నూనెగింజల పంట పూల తోటల్లో ఫొటోలు దిగితే పది, ఇరవై రూపాయలు అడుగుతారు. ఇచ్చేయండి. తొక్కిన మొక్కకు గింజ రాదు కదా.

చింతపల్లి తర్వాత సీలేరు దాకా వెళ్లడం ఎలా ఉంటుంది?

ఇంకో 70 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, గంటల లెక్కన చూస్తే ఇంకా ఎక్కువ. అడవి దట్టం. సప్పర్ల దగ్గర ఒక చోటును జనం ‘రెయిన్ గేజ్’ అనే పిలుస్తారు, వాన కొలిచే పరికరం పేరే ఊరి గుర్తయిపోయింది. తర్వాత దారకొండ, దారాలమ్మ గుడి. డ్రైవర్లు అమ్మవారికి దండం పెట్టనిదే అక్కడి ఘాటీ దిగరు.

ఈ పై ముక్క బాగుపడింది కరెంటు వల్ల. ఒడిశాలో మాచ్‌ఖండ్ అని పిలిచే నదే కిందికి వచ్చి సీలేరు అవుతుంది. దాని మీద 1960ల చివర్లో ఎగువ సీలేరు, 1970ల్లో మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు విద్యుత్ కేంద్రాలు మొదలయ్యాయి. ఎగువది మొత్తం 240 మెగావాట్లు, దిగువది మొదట పెట్టినవి 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460. అంత యంత్రసామగ్రి పైకి ఎక్కాలంటే రోడ్డు కావాలి కదా. ఆ కరెంటు తీగలు దీపం కూడా లేని ఎన్నో పల్లెల మీదుగా ఏళ్ల తరబడి కిందికి పోయాయి.

పెట్రోలు చింతపల్లిలోనే పోయించుకోండి. వానాకాలంలో గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగితే బండి ఆపి నీరు తగ్గేదాకా ఆగడం తప్ప వేరే దారి లేదు.

ఇక్కడ స్థలం కొని రిసార్టు కట్టుకోవచ్చా?

గిరిజనేతరులైతే కొనలేరు. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం విడిగా గుర్తించిన చోటు. 1959 భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి గట్టి చేశారు. అదే అందరూ చెప్పే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టం. దాని ప్రకారం గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనడానికి వీల్లేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఇక్కడి భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. ఈ కొండల్లోని జెర్రెల దగ్గర బాక్సైటు (అల్యూమినియం ఖనిజం) తవ్వకాల గొడవ అంతా ఈ నేపథ్యంలోదే. ‘అగ్రిమెంటు రాయిస్తాం, మన మనిషి పేరున పెడదాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి. డబ్బు పోతుంది. అంతకంటే ముఖ్యం, అది వాళ్ల భూమి.

చెక్‌పోస్టుల్లో బండి మొత్తం వెతుకుతున్నారు, ఎందుకు?

గంజాయి కోసం. సహకరించండి. దారిలో ఎవరైనా ‘ఈ సంచి నర్సీపట్నంలో ఫలానావాళ్లకు ఇవ్వండి’ అంటే ఎంత బతిమాలినా తీసుకోకండి.

516ఈ జాతీయ రహదారి, ఈ రోడ్డు ఒకటేనా?

కాదు, కలుస్తాయి. 516ఈ రాజమహేంద్రవరంలో మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్తుంది. అంటే కొండల పొడవునా సాగే రోడ్డు. మాది మైదానం నుంచి కొండమీదికి ఎక్కే రోడ్డు. లంబసింగి ఇప్పుడు రెంటికీ కూడలి. కొత్త రోడ్డు కోసం కొండ తొలిచిన చోట్ల మట్టి ఇంకా కుదురుకోలేదు, పెద్ద వానల్లో జారుతుంది.

ఇంత రోడ్డు ఉన్నాక కూడా మనుషుల్ని డోలీలో ఎందుకు మోస్తున్నారు?

పేపర్లో ఫొటో చూసినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడుగుతారు.

పెద్ద రోడ్డు ఉంది, పల్లె దాకా రోడ్డు లేదు. అంతే జవాబు. చాలా పల్లెలు ఈ తారు రోడ్డుకు మూడు, నాలుగు, ఎనిమిది కిలోమీటర్ల లోపల, గెడ్డ అవతలా గుట్ట మీదా ఉంటాయి. అంబులెన్సు రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. బైకు అంబులెన్సులు కొన్ని వచ్చాయి, కాలిబాట కాస్త బాగుంటే అవి పోతాయి, గెడ్డ పొంగితే పోలేవు. నూరేళ్ల కింద రోడ్డు పని వద్దని తిరగబడ్డ పల్లెల మనవలు ఇప్పుడు మా ఊరికి రోడ్డు వేయండని అర్జీలు పెడుతున్నారు. కొన్ని పల్లెలవాళ్లు చందాలేసుకుని, పార పట్టుకుని తామే మట్టిరోడ్డు వేసుకున్నారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. వాళ్ల తాతలు వద్దన్నది రోడ్డును కాదు, కొరడాను.

మూడేళ్ల కింద లంబసింగి దాటి వస్తుంటే పొద్దున్నే ఒక డోలీ ఎదురైంది. లావుపాటి వెదురు కర్ర, దానికి రెండు చివర్లా కట్టిన దుప్పటి, దుప్పటిలో ముడుచుకున్న ఒక నిండు గర్భిణి. ముందొకరు, వెనకొకరు మోస్తున్నారు. పక్కన ఇంకో ఇద్దరు ఖాళీ భుజాలతో నడుస్తున్నారు, వీళ్లు అలిసిపోతే మార్చుకోవడానికి. ఆమె తల్లి కాబోలు, చేతిలో సత్తు గిన్నె పట్టుకుని వెనక పరుగులాంటి నడకతో వస్తోంది. రోడ్డు ఎక్కగానే కర్ర దించారు. మోసినవాడి భుజం మీద చర్మం లేచిపోయి ఉంది, అక్కడ తుండుగుడ్డ మడతపెట్టి వేసుకున్నాడు. ‘ఎంత దూరం నుంచి బాబూ’ అంటే, చేత్తో కొండ వెనక్కి చూపించాడు. అప్పటికే మేం వెనక సీటు ఖాళీ చేస్తున్నాం. చింతపల్లి ఆసుపత్రిలో దించాం. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది.

చలికాలం మీరు ఈ దారిన వెళ్తారు కాబట్టి చెబుతున్నాను. డోలీ కనిపిస్తే బండి ఆపండి.